బరంపురంలో పాత ఇల్లు కొంటున్నాం, నేల కింద మురుగు గొట్టాలు ఎలా చూసుకోవాలి?

బరంపురం అల్లుడు:

అందరికీ నమస్తే. మాది ఇచ్ఛాపురం, ఉద్యోగం బరంపురంలో, పెళ్లి కూడా ఇక్కడి అమ్మాయితోనే అయింది కాబట్టి ఇక ఇక్కడే ఉండిపోదామని పెద్ద బజారు వైపు ఒక పాత ఇల్లు చూశాం. ఆ వీధుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో చూసినవాళ్లకి తెలుసు. వెడల్పు పదహారు అడుగులు, పొడవు తొంభై, రెండు పక్కలా గోడకి గోడ, ముందు అరుగు, ఆ తర్వాత రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు, మధ్యలో ఆకాశం కనబడే చిన్న మండువా, చివర పెరట్లో బావి, స్నానాలగది, లెట్రిన్. 1988లో ఇప్పటి ఓనరు గారి తండ్రి కట్టించారట. కాగితాలు బాగానే ఉన్నాయి, పట్టాలో ఘరబారి, అంటే ఇంటి స్థలం, అనే ఉంది, తాకట్లేమైనా ఉన్నాయేమోనని ఈసీ తీయించాం, మామగారు వాస్తు కూడా చూపించేశారు.

నా అనుమానమంతా నేల కింద సంగతి. ఇల్లు ఏడాదిగా తాళం వేసి ఉంది, స్నానాలగది తలుపు తీయగానే గుప్పున వాసన కొట్టింది. "మూసి ఉన్న ఇల్లు కదా బాబూ" అన్నారు ఓనరు గారు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడండీ అంటే పెరట్లో చెయ్యి గాల్లో తిప్పి "ఇక్కడే ఎక్కడో" అన్నారు. పెరడంతా కొత్త టైల్స్. పైగా "పదిహేనేళ్లయింది, ఒక్కసారి కూడా క్లీన్ చేయించే పని పడలేదు" అని గొప్పగా చెప్పారు. బయటికొచ్చాక మా ఆవిడ "పదిహేనేళ్లుగా అందరూ పోసిందంతా ఎక్కడికి పోయిందో ముందు అది కనుక్కో" అంది.

మామగారేమో కాగితాలు చూశాం, వాస్తు చూశాం, కాలువలు కూడా ఎవరైనా చూస్తారా, ఓనరు నొచ్చుకుంటాడు అంటున్నారు. వచ్చే నెల మొదట్లో బయానా ఇవ్వాలి, ఈలోగా ఏం చూడాలి, ఎవర్ని పిలవాలి, పగలగొట్టకుండా తెలుసుకునే మార్గం ఉందా? అప్పు చేసి కొంటున్నాం, మళ్లీ దానిమీద లక్షలు పెట్టే ఓపిక లేదు. నిజంగానే టెన్షన్‌గా ఉంది.

ఆస్కా రోడ్డు మేస్త్రి:

అల్లుడు గారూ, మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. గొట్టం బాగుందా పగిలిందా అన్నది తర్వాత, ముందు ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఎవరి నేల కిందనుంచి పోతున్నాయి అన్నది తేలాలి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఇదే పని చేస్తున్నాను. పాత వీధుల్లో నేల కింద పెద్ద మురుగు లైను ఏదో ఉంది, మన ఇల్లు దానికి కలిసే ఉంటుంది అనుకోకండి. ఇంటిముందు కాలువ వాన నీళ్లకీ స్నానాల నీళ్లకీ. లెట్రిన్‌ది సెప్టిక్ ట్యాంకుకే పోవాలి.

ఇక పదిహేనేళ్లు తీయించలేదంటే మెచ్చుకోవాల్సిన విషయం కాదు. ఇంటి ట్యాంకు మామూలుగా రెండు మూడేళ్లకోసారి తీయించాలి. తీయించకుండా నడుస్తోందంటే నేను చూసినంతలో, అడుగున కాంక్రీటు వేయకుండా మట్టిలోకి ఇంకిపోయేట్టు వదిలేసి అయినా ఉండాలి, లేదా దాని అవుట్‌లెట్ నేరుగా ఏ కాలువలోకో కలిపేసి ఉండాలి, అదీ కాదంటే ట్యాంకు ఎప్పుడో నిండి గట్టిపడిపోయి, పైన అరచేతి లోతు దారి మిగిలి, వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుండాలి. ఏదైనా సరే ఇంట్లో ఉండేవాడికి ఏ ఇబ్బందీ తెలియదు, అందుకే ఆయన అబద్ధం చెప్తున్నాడని నేననను. పెరట్లో బావి ఉందన్నారు చూడండి, నాకు భయం అక్కడ. ఇంకుడు గుంతకీ తాగే నీళ్ల బావికీ 18 మీటర్లు, అంటే దగ్గరదగ్గర అరవై అడుగులు ఎడం ఉండాలని ఇండియన్ స్టాండర్డ్ చెప్తుంది. పదహారడుగుల వెడల్పు పెరట్లో అది ఎక్కడ కుదురుతుంది?

వాసన గురించి మాత్రం ఆయన అన్నదాంట్లో నిజం ఉండొచ్చు. నేల మీది జాలీ కింద ట్రాపులో కొంచెం నీళ్లు నిలిచి ఉంటేనే కింది గాలి పైకి రాదు. ఏడాది వాడకపోతే ఆ నీళ్లు ఎండిపోతాయి. రెండు చెంబులు నీళ్లు పోసి తలుపు మూసేసి మర్నాడు వెళ్లి చూడండి. వాసన పోతే అంతే సంగతి. పోకపోతే ట్రాపు పగిలి ఉండాలి, లేదా అసలు పెట్టలేదు.

పరీక్షకి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, నాలుగు బకెట్లు, చిన్న అద్దం, టార్చి, రెండు రంగుల హోలీ పొడి, మేస్త్రీల దగ్గరుండే, నీళ్లు నింపి ఎత్తు తేడా చూసే ట్యూబ్ లెవెల్. ముందు చాంబర్లు, అంటే గొట్టాలు కలిసేచోట నేలలో కట్టే చిన్న తొట్లు, వాటి మూతలు వెతకాలి. టైల్స్ కింద కప్పేసి ఉంటే సుత్తి పిడితో తట్టుకుంటూ పొండి, డొల్లగా ఉన్నచోట శబ్దం మారిపోతుంది, పుచ్చకాయ తట్టి చూసినట్టే. దొరికాక ఆ నాలుగు టైల్స్ ఖర్చు మీదేనని చెప్పి తీయించండి. దానికీ ఒప్పుకోలేదంటే మీకు జవాబు దొరికినట్టే.

మూత తీయగానే నీళ్లు పోసేయకండి. ముందు చాంబర్ లోపలి గోడ చూడండి. కొన్నిటిలో గొట్టం మూతి కన్నా పైన నల్లటి జిడ్డు గీత ఒకటి చుట్టూ ఉంటుంది, చాలా రోజులు నీళ్లు నిలవున్న బిందెలో పడ్డట్టు. ఆ గీత ఎంత ఎత్తులో ఉందో మురుగు అంత ఎత్తుకి వెనక్కి ఎక్కి నిలబడిందన్నమాట, ఒకసారి కాదు, చాలాసార్లు. ఇల్లు అమ్మేముందు గోడలన్నిటికీ రంగులు వేయిస్తారు గానీ చాంబర్ లోపల వేయించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

తర్వాత ఒక చాంబర్లో టార్చి వెలిగించి పెట్టి, రెండోదాంట్లో అద్దం ఏటవాలుగా పట్టుకోండి. గొట్టం నిండు చందమామలా కనబడాలి. కింద సగం నీళ్లతో మెరుస్తుంటే మధ్యలో ఎక్కడో కుంగింది. ఏమీ కనబడకపోతే మధ్యలో వంపన్నా ఉండాలి, పూడిపోయన్నా ఉండాలి. ఆ తర్వాత బకెట్లు, నాలుగూ ఒకేసారి కుమ్మరించాలి. ఒక్కొక్కటే పోస్తే ఎంత పాడైపోయిన లైనైనా పాసైపోతుంది. చాంబర్లో నీళ్లు వచ్చినంత వేగంగా పోవాలి. పైకి లేచి మెల్లగా దిగుతుంటే ముందెక్కడో అడ్డం ఉంది. స్నానాలగదిలో నీలం, లెట్రిన్‌లో ఎరుపు కలిపి పోసి ఒక మనిషిని వీధి కాలువ దగ్గర, ఇంకొకర్ని వెనక సందులో నిలబెట్టండి. ట్యాంకు సరిగ్గా ఉంటే లెట్రిన్‌లో పోసిన ఎరుపు బయటికి రాకూడదు, లోపలే పలచబడిపోవాలి. పది, ఇరవై నిమిషాల్లో బయట కనబడిందంటే ఆ ట్యాంకు పేరుకే ట్యాంకు.

చివరిగా వాలు. నాలుగంగుళాల గొట్టానికి పదడుగులకి మూడంగుళాలు దిగుడు పెడతాం మేము. మీది తొంభై అడుగులు, పెరటి నీళ్లు ముందు వీధికి తేవాలంటే 27 అంగుళాలు కావాలి. 1988లో ఉండే ఉంటుంది. కానీ ఈ ముప్ఫై ఏళ్లలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ వచ్చారు, వీధి పైకి లేచింది, ఇల్లు మాత్రం అక్కడే ఉంది. గడప దగ్గర నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది, ఇంట్లోకి దిగుతున్నారా ఎక్కుతున్నారా అని.

ఒక మాట మర్చిపోయాను, ముఖ్యమైనది. ట్యాంకు మూత తీస్తే అగ్గిపుల్ల గీసి లోపలికి వంగి చూసే ఘనులు మన బంధువుల్లో ఒకరైనా ఉంటారు. లోపల మీథేన్ ఉంటుంది, భగ్గున అంటుకునే వాయువు. మనిషిని లోపలికి దించడం అసలే వద్దు, విషవాయువుకి క్షణంలో పడిపోతారు, రక్షణ సరంజామా లేకుండా దించితే, చేతులతో మురుగు తీయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. తీయించాలంటే 14420కి ఫోన్ చేస్తే మిషను బండి వస్తుంది.

పర్లాకిమిడి ఆడపడుచు:

తమ్ముడూ, మేము 2016లో కొన్నాం. నువ్వడిగినట్టు అడిగే బుద్ధి మాకు అప్పుడు లేకపోయింది. రెండేళ్లు బాగానే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది గుర్తుందా, మా వైపు అంతా అతలాకుతలం అయిపోయింది, కరెంటు లేదు, బయట కుండపోత. తెల్లవారుజామున లేచి చీకట్లో కాలు కింద పెడితే చల్లగా తగిలింది. పైకప్పు కారుతోందనుకున్నాను. టార్చి వేసి చూస్తే నీళ్లు లెట్రిన్ బేసిన్లోంచి పైకి ఉబుకుతున్నాయి, బుడబుడమని, అన్నం ఉడుకుతున్నట్టు. వీధి కాలువ నిండి మా లైన్లోంచి వెనక్కి వచ్చేసింది. మూడు రోజులు మా అత్తగారు మంచం దిగలేదు.

అన్నీ తగ్గాక వంటగది తవ్విస్తే కింద ఒకటి కాదు మూడు గొట్టాలు. ఒకటి మాది. ఒకటి ఎప్పుడో వదిలేసింది. మూడోది పక్కింటివాళ్ల స్నానాల నీళ్లది, మా పొయ్యి కిందనుంచి పోతోంది! పాత మెరుగు మట్టి గొట్టాలు, అతుకుల దగ్గర సిమెంటు రాలిపోయి ఆ సందుల్లోంచి రావి వేళ్లు దూరి లోపల గుర్రం తోకలా పెరిగాయి. రావి చెట్టు ఎక్కడుందా అని చూస్తే మా ఇంట్లో లేదు, వీధి అవతల గుడి దగ్గర ఉంది.

నేను చెప్పేదేమిటంటే నువ్వు వానరోజే వెళ్లి చూడు, గొడుగు వేసుకుని వెళ్లినా సరే. "వానొస్తే మీ వీధిలోకి నీళ్లొస్తాయా" అని పక్కవాళ్లని అడిగితే ఎవరూ నిజం చెప్పరు, వాళ్ల ఇళ్ల రేటు కూడా పడిపోతుంది కదా. కాళ్ల కిందకి చూడు. పక్కిళ్లలో మంచం కోళ్ల కింద, ఫ్రిజ్ కింద, బీరువా కింద ఇటుకలు పెట్టి ఉన్నాయంటే నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో ఆ ఇటుకలే చెప్తాయి. ఖాళీ ఇంట్లో సామాను ఉండదు కాబట్టి గోడ చూడు. కింద రెండడుగులు మాత్రం కొత్త రంగు, పైన పాత రంగు ఉంటే ఎందుకో అడుగు.

ఇంకోటి, బయటికి పోయే చోట వెనక్కి రాకుండా ఒక వాల్వు పెడతారు, నాన్ రిటర్న్ వాల్వు అంటారు. తిత్లీ తర్వాత మేము పెట్టించాం. అప్పుడప్పుడు తీసి కడగాలి, లేకపోతే జుట్టూ చెత్తా పట్టి మూసుకోదు. కడిగేది నేనే అనుకో, మా వారికి వాసన పడదట.

నాగావళి గట్టు:

ఇంత రామాయణం ఎందుకండీ. మాది రాయగడ, మేమూ పాత ఇల్లే కొన్నాం. పాత లైను ఎలాగూ పోయే ఉంటుంది అనుకుని కొత్తది వేసేసుకోవడమే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి, అయిపోయింది. వేసేటప్పుడు మాత్రం పైపు మీద అచ్చు చదవండి. ఇంటి లోపలి మురుగుకి ఐఎస్ 13592, టైప్ బి అని ఉండాలి, నేల కింద పాతేదానికి ఐఎస్ 15328 అని ఉండాలి. టైప్ ఎ వాన నీళ్లకీ గాలి గొట్టాలకీ. చవగ్గా ఉందని పొలానికి వేసే పలచటి పైపు తెచ్చి పాతేస్తారు, మీద టైల్స్ పడ్డాక ఎవడు చూడొచ్చాడు.

కెమెరా కూడా ఉంది. ఫోనుకి తగిలించే వైరు కెమెరా ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను, పది మీటర్ల వైరు. మొదటి వంపు దాకా బ్రహ్మాండంగా కనబడింది, బొద్దింకలతో సహా. వంపు దగ్గర ఆగిపోయింది, తోస్తే వైరు వెనక్కి ముడతపడింది. పెద్ద కెమెరా వాళ్లని విశాఖ నుంచి పిలుద్దామంటే పని కన్నా రానుపోను ఖర్చే ఎక్కువ చెప్పారు, వదిలేశాను.

ఆస్కా రోడ్డు మేస్త్రి:

నాగావళి గారూ, పైపు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ కొత్త పైపు వేస్తే అయిపోయింది అన్నారే, దాంతో నాకు పేచీ. పైపు కొత్తదైనంత మాత్రాన నీళ్లు ఎత్తుకి ఎక్కవు కదా. వాలు లేనిచోట ఎంత మంచి పైపు వేసినా అందులో నీళ్లు నిలుస్తాయి, ఏడాదికి మళ్లీ నన్నే పిలుస్తారు. మీ ఇంటికి వాలు ఉండబట్టి సరిపోయింది. పోయే దారి ఉందా లేదా అన్నది తెలియకుండా పాత లైను పోయిందనుకుని కొనడం, రోడ్డు లేని ఊరికి కారు కొనుక్కోవడం లాంటిది.

కెమెరా గురించి నా అభిప్రాయం అడిగితే, చాంబర్లు దగ్గరదగ్గరగా ఉన్న చిన్న ఇంటికి అద్దం, టార్చి చాలు. చాంబరే లేకుండా ముప్ఫై నలభై అడుగులు గదుల కిందనుంచి పోయే లైనుంటే అప్పుడు పెద్ద కెమెరాకి డబ్బు పెట్టినా తప్పులేదు.

సిరొంచ నుంచి:

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, మీకు చాలా దూరం గానీ ఒక్క మాట. మేము మే నెలలో చూసి కొన్నాం, బకెట్లు పోస్తే చటుక్కున లాగేసింది. శ్రావణానికి ఫ్లష్ చేస్తే పోదు. నది దగ్గర ఊరు కదా, వానాకాలం ఊట పైకొచ్చేసి ఇంకుడు గుంత నీళ్లతోనే నిండి ఉంటుంది, ఇంక మనది ఎక్కడికి ఇంకుతుంది. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పటి సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ పెరటి బావిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడండి, వానాకాలంలో ఎంతవరకూ వస్తాయో బావి వరల మీద నాచు గీత చూస్తే తెలిసిపోతుంది. ట్యాంకు అడుగు కన్నా ఆ గీత పైన ఉంటే ఎండాకాలం పరీక్షని నమ్మొద్దు.

జయపురం గుమాస్తా:

రిజిస్ట్రేషన్ కాగితాలు రాసి రిటైరైనవాణ్ణి, గొట్టాల గురించి నాకు తెలీదు, కాగితం గురించి చెప్తాను.

ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, 1882లో 55వ సెక్షన్ ఉంది. అమ్మేవాడికి తెలిసిన లోపం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని లోపం ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. నేల కింద గొట్టం అచ్చంగా అలాంటిదే. కానీ ఆయనకి తెలుసని రేపు మీరు రుజువు చెయ్యాలి, అక్కడ చిక్కు. కాబట్టి నోటితో అడగొద్దు. లెట్రిన్ నీళ్లు ఎక్కడికి పోతాయి, ట్యాంకు ఎక్కడుంది, పక్కవాళ్ల గొట్టాలు ఈ స్థలం కింద ఉన్నాయా, ఈ స్థలం గొట్టాలు పక్కవాళ్ల కింద ఉన్నాయా, ఈ నాలుగింటికీ జవాబులు బయానా అగ్రిమెంటులోనే రాయించుకోండి. నొచ్చుకుంటాడని మీ మామగారు అంటున్నారు గానీ, నలభై ఏళ్లలో నేను చూసింది, రాయడానికి నొచ్చుకునేవాడు చెప్పడానికి తడుముకునేవాడే.

ఆడపడుచు గారి పొయ్యి కింద గొట్టం సంగతి చాలామందికి ఉంటుంది. ఈజ్‌మెంట్స్ యాక్ట్, అదీ 1882దే, 15వ సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు ఏ ఆటంకం లేకుండా, బాహాటంగా, హక్కుగా ఒకరి నేల కిందనుంచి నీళ్లు పంపుకుంటే అది హక్కే అయిపోతుంది. ఆ చట్టం మొదట్నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది, బరంపురం ఉన్న గంజాం, మా కోరాపుట్ ఒడిశా ఏర్పడిన 1936 దాకా అందులోవే. అయితే ఒక మెలిక. అడిగి, సరేననిపించుకుని వాడుకుంటే అది హక్కు కాదు, అనుమతి. ఎన్నేళ్లయినా అనుమతి అనుమతే, ఇచ్చినవాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ఎవరి గొట్టమైనా ఎవరి కిందనుంచైనా పోతుంటే, మొదట ఎలా మొదలైందో అడగండి.

బరంపురం అల్లుడు:

అందరికీ చాలా థాంక్స్. మొన్న ఆదివారం పరీక్ష అయింది, చెప్పకపోతే బాగుండదు.

మేస్త్రి గారు చెప్పినట్టే అన్నీ పట్టుకెళ్లాం. మాకు తెలిసిన ఒక మిస్త్రీ ట్యూబ్ లెవెల్ తెచ్చాడు. ఓనరు గారు మొదట కొంచెం ముభావంగా ఉన్నారు గానీ టైల్స్ ఖర్చు నాదేనంటే సరేనన్నారు. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతుంటే మా బావమరిది "బావా, పుచ్చకాయ దొరికిందా" అని ఒకటే నవ్వు. దొరికింది, తులసికోట పక్కన. మూత తీస్తే చాంబర్ గోడకి నల్ల గీత, గొట్టం మూతికి జానెడు పైన. ఓనరు గారు వంగి దాన్ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయనకి నిజంగానే తెలీదనిపించింది నాకు. ట్యాంకు మూత తీసినప్పుడు మా బావమరిది జేబులోంచి లైటర్ తీశాడు, మిస్త్రీ చెయ్యి పట్టుకుని లాగేశాడు. మేస్త్రి గారూ, ఆ ఘనుడు మా ఇంట్లోనే ఉన్నాడు.

నీలం, ఎరుపు పోశాం. నేను వీధి కాలువ దగ్గర, మా ఆవిడ వెనక సందులో. ఎంతసేపటికీ నా దగ్గర ఏమీ లేదు, ఆవిడ దగ్గరా ఏమీ లేదు. ఈలోగా కుడిపక్కింటి పెరట్లోంచి ఒక మామ్మగారు "మా చాంబర్లో నీలాలు పోసిందెవర్రా" అని కేక. ఆరు నిమిషాలు పట్టింది నీలానికి. ఇరవై నిమిషాలకి పలచటి ఎరుపు కూడా అక్కడే తేలింది. ట్యాంకులో వెదురు కర్ర గుచ్చి చూస్తే పైన బెత్తెడు నీళ్లు, కింద అంతా గట్టి. మేస్త్రి గారు చెప్పిన మూడో కారణం. బావికీ ట్యాంకుకీ మధ్య కొలిస్తే 19 అడుగులు. ఆ బావి నీళ్లు తాగకూడదని అప్పుడే అనుకున్నాం.

అసలు సంగతి మామ్మగారి దగ్గర తేలింది. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంటి ఓనరు గారి తండ్రి, ఆవిడ మామగారు మంచి స్నేహితులట, వెనక సందుకి దారి ఆవిడ వాళ్ల పెరట్లోంచే ఉంది కాబట్టి "మా గొట్టం మీ పెరట్లోంచి వేసుకుంటాం" అంటే "దానికేం భాగ్యం" అన్నారట. అంటే జయపురం గుమాస్తా గారు చెప్పిన అనుమతి. ఇప్పుడు ఆవిడ కొడుకులు ఆ పెరట్లోనే గది వేద్దామనుకుంటున్నారు. గొట్టం సరిగ్గా ఆ గది కింద పడుతుంది.

మరి ముందు వీధికి మళ్లిద్దామా అని ట్యూబ్ లెవెల్ పట్టాం. పెరటి చాంబర్ అడుక్కీ వీధి కాలువ అడుక్కీ తేడా 27 అంగుళాలు కావాలి కదా, ఉన్నది 5. మిస్త్రీ రెండోసారి కూడా పట్టి చూశాడు, 5 మాత్రమే. కొత్త లైను వేసి రేటు తగ్గించుకుందాం అన్న ఆలోచన అక్కడితో పోయింది. వెళ్లే దారి మామ్మగారి పెరడు ఒక్కటే.

ఓనరు గారు ట్యాంకు ఈ వారంలో మిషనుతో తీయిస్తానన్నారు. మామ్మగారి కొడుకులతో మాట్లాడేది కూడా ఆయనే, గదికి పునాది వేయకముందే గొట్టం గోడవారకి జరిపి, మేము పైపు, కూలి పెట్టుకునేట్టు, వాళ్లు దారి రాసిచ్చేట్టు. మామ్మగారు సరేనన్నారు, చిన్నకొడుకు సరేనన్నాడు, పెద్దకొడుకు సూరత్‌లో ఉంటాడు, అతనితో ఇంకా ఫోనులోనే నడుస్తోంది. మామగారు మాత్రం "ఇన్ని తెలిశాక ఇంకా ఈ ఇల్లేనా" అంటున్నారు. మా ఆవిడకి ఆ మండువా నచ్చింది. బయానా ఇంకా ఇవ్వలేదు.

జయపురం గుమాస్తా:

పెద్దకొడుకు సంతకం లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రాసిచ్చే కాగితంలో "పెరట్లోంచి గొట్టం" అని ఊరికే రాస్తే చాలదు. గోడ నుంచి ఎన్ని అడుగుల ఎడంలో, ఎంత లోతులో, ఎంత సైజు, రిపేరుకి లోపలికి రానివ్వాలా, ఇవన్నీ స్కెచ్చు గీసి జతచేసి రిజిస్టరు చేయించండి. ఇల్లు రేపు ఎవరికి అమ్మినా వాళ్లకీ వర్తిస్తుందని కూడా ఒక వాక్యం పడాలి.

పర్లాకిమిడి ఆడపడుచు:

వాల్వు మర్చిపోకు తమ్ముడూ. వాళ్ల పెరట్లో కాదు, మీ వైపు పెట్టించు, కడుక్కోవడానికి అందేట్టు.